అండీల బకాయి

ఆడిటరు గారు మా ఆఫీసు మీద నలభై ఒక్క నిమిషాల అభ్యంతరం రాసి వెళ్ళారు.

అభ్యంతరాలు మాకు కొత్తేం కాదు. కంకర లెక్క తేలలేదనీ, షెడ్డులో ఉన్న జీపు డీజిలు తాగిందనీ ఏటా ఏవో రాస్తూనే ఉంటారు, మేం ఏటా సమాధానాలు పంపుతూనే ఉంటాం. అవన్నీ బస్తాల్లోనో లీటర్లలోనో ఉండేవి. నిమిషాల్లో అభ్యంతరం రావడం అదే మొదలు.

ఇది సెల్లు ఫోన్లో మాటకు నిమిషానికింతని లెక్కగట్టిన రోజుల సంగతి. అరవై సెకన్లు దాటి ఇంకొక్క సెకను మాట్లాడినా రెండు నిమిషాలని బిల్లు వేసేవారు. మాది గోదావరి డెల్టాలో ఒక కాలువల డివిజను ఆఫీసు. ఊరి పేరెందుకు లెండి, ఉన్న పరువు చాలు. కంపెనీ వాళ్ళు మాకు పదిహేను ఫోన్లిచ్చి, అన్నిటికీ కలిపి నెలకు పదిహేను వందల నిమిషాలు మాట్లాడుకోమన్నారు. దాటితే నిమిషానికి రూపాయి. జూన్ నెలలో మేం నలభై ఒక్క నిమిషాలు దాటాం.

నా పేరు విశ్వపతి. అక్కడ సీనియర్ అసిస్టెంటుని. బిల్లు నా చేతి మీదుగానే వెళ్తుంది కాబట్టి ఆ నలభై ఒక్క నిమిషాలూ ఎవరు మాట్లాడారో నాకు తెలుసు. లష్కరు పల్లయ్య. అవతల విన్నది నేనే.

లష్కరంటే కాలువ కాపలా మనిషి. గట్టు వెంబడి నడుస్తూ ఎక్కడ నీరు కారుతోందో, ఎక్కడ మట్టి కుంగుతోందో చూసి ఆఫీసుకు చెప్పడం అతని పని. గుబ్బల పల్లయ్య ఏడో నంబరు కాలువ మీద ముప్పై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్నాడు. కాలువకు నీళ్ళు వదిలినప్పటి నుంచీ రెండు రోజులకోసారి ఫోను చేసి ఒకటే చెప్పేవాడు.

"బావున్నారాండి? ఆయ్, నేనండి, పల్లయ్యనండి. అమ్మగారి మోకాలు ఎలాగుందండి? నేను చెప్పిన ఆకు కట్టారాండి? మరేం లేదండి, పద్నాలుగో మైలు కాడ గట్టు బాగోలేదండి. ఎండ్రకాయలు బొరియలు పెట్టేసినియ్యండి. అడుగునించి నీరు ఊరతందండి. కిందన కాలనీ ఉందండి, డెబ్బై ఇళ్ళండి. పన్నెండొందల ఎకరాల చేలండి. నాలుగు లారీల మట్టి తోలిత్తే సరిపోద్దండి. సారుకి చెప్తారాండి మరి? ఉంటానండి. ఆయ్. ఉంటానండి."

నేను నోటు రాసి ఫైలు పైకి పంపాను. నాలుగు లారీల మట్టి ఫైలు కదల్లేదు. నలభై ఒక్క రూపాయల ఫైలు మాత్రం మధ్యాహ్నం భోజనాల లోపే నాలుగు బల్లలు తిరిగింది.

మా ఈ.ఈ. గారు, అంటే డివిజనుకు పెద్ద ఇంజనీరు, చిదంబరమూర్తి గారని అప్పుడే బదిలీ మీద వచ్చారు. చెడ్డమనిషి కాదు. లంచం ముట్టరు, కాఫీ కూడా ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఆయనకున్న జబ్బల్లా పొదుపు. వచ్చీ రాగానే ఆఫీసు ల్యాండులైను తీయించేశారు. అంతకు ముందే హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు వెళ్ళి, అట్ట మీద 'వనరుల సద్వినియోగము' అని బంగారు అక్షరాలున్న ఫైలు ఒకటి తెచ్చుకున్నారు. అభ్యంతరం చదివి మరొకరైతే విసుక్కునేవారు. ఈయన కళ్ళు మెరిశాయి.

మర్నాటికల్లా 'వాడకం పర్యవేక్షణ సంఘం' పుట్టింది. అధ్యక్షులు ఆయన. సభ్యులు సూపరింటెండెంటు పరంజ్యోతి గారు, నేను. పరంజ్యోతి గారు ఆటల పోటీల పెట్టెలోంచి స్టాప్‌వాచీ తీసి, వారం రోజులు వచ్చే ఫోనూ పోయే ఫోనూ పక్కన కూర్చుని విన్నారు. ఆవిడ నెమ్మదస్తురాలు, నోరు మాత్రం పదును. వారం తర్వాత సంఘం ముందు కాగితం పెట్టారు.

"సర్, నిమిషానికి సగటున పందొమ్మిది అండీలు వస్తున్నాయి. ఒక్కో అండికి సెకనులో మూడో వంతు. ఆ లెక్కన నెలకు నూట యాభై ఎనిమిది నిమిషాల పాటు మనం ఉత్త అండీలే మాట్లాడుతున్నాం."

"నూట యాభై ఎనిమిది!" ఈ.ఈ. గారు కుర్చీలోంచి లేచారు. "మన అధిక వినియోగం నలభై ఒకటే! అంటే ఈ జిల్లా వాళ్ళ మర్యాద వల్ల ఖజానాకి చిల్లు పడుతోందన్నమాట!"

"ఆయ్," అనేసి పరంజ్యోతి గారు నాలిక కరుచుకున్నారు.

ఆవిడ వెటకారానికే ఆ లెక్క వేశారని నాకిప్పటికీ అనుమానం. ఈ.ఈ. గారికి వెటకారం తెలీదు. సాయంత్రానికి సర్క్యులరు బయటికొచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రభుత్వ వ్యయముపై జరుగు దూరవాణి సంభాషణలయందు 'అండి' అను ప్రత్యయమును, 'ఆయ్' అను సమ్మతి సూచకమును, ఆరోగ్య, భోజన, మోకాలు సంబంధిత కుశల ప్రశ్నలను, మరియు 'ఉంటాను', 'ఉంటానండి', 'మరి ఉంటానండి' ఇత్యాది ముగింపు మర్యాదలను తక్షణమే నిలుపుదల చేయడమైనది. ఉల్లంఘించిన వారి నుండి సదరు అదనపు నిమిషముల సొమ్ము రాబట్టబడును."

మోకాలు అన్న మాట చదివి నాకు తల కొట్టేసినట్టయింది. అది మా ఆవిడ మోకాలు.

దీనికో రిజిస్టరు కూడా పెట్టి నాకప్పగించారు. తేదీ, ఎవరు, ఎవరితో, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు, విషయం. ఆఖరి గడి పేరు 'చివరి మాట'. ఉంటానండి అని దొంగచాటుగా ఎవరైనా అంటే అందులో దొరికిపోవాలి.

మా వైపు మనిషిని అండి అనొద్దంటే ఊపిరి పీల్చొద్దన్నట్టే. కుక్కని అదిలించినా పక్కకెళ్ళండి అనే ఊళ్ళు మావి. మొదటి వారం ఫోనుల్లో మాటలకన్నా మింగిన గుటకలే ఎక్కువ వినిపించాయి. పల్లయ్యయితే అండి అనాల్సిన ప్రతిచోటా నోరు కట్టేసుకుని, సరిగ్గా అంతసేపూ ఆగి, అప్పుడు తర్వాతి మాట అందుకునేవాడు. "గట్టు బాగోలేదు... నీరు ఎక్కువ ఊరతంది... మట్టి..." అండి పోయింది గాని దాని జాగా అలాగే ఉంది. సెకను కూడా మిగల్లేదు. నేనెవరికీ చెప్పలేదు.

రెండో వారం ఒక రోజు నేను సీట్లో లేనప్పుడు పల్లయ్య ఫోను ఈ.ఈ. గారే ఎత్తారు. పల్లయ్య సర్క్యులరును అక్షరాలా పాటించాడు. 'మట్టి తోలించండి' అన్నదాంట్లోంచి అండి తీసేశాడు.

"మట్టి తోలించు," అన్నాడు.

ఈ.ఈ. గారి కేకకి జీపు డ్రైవరు లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"తోలించా? నన్ను తోలించు అంటాడా! ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది!"

"సర్క్యులరు ప్రకారమే అన్నాడు సర్," అన్నాను నేను.

"పొదుపు వేరు, పొగరు వేరు విశ్వపతీ! కింది నుంచి పైకి వెళ్ళే గౌరవానికి నష్టం వాటిల్లకుండా సవరణ రావాలి."

సవరణ వచ్చింది. ఆ తెలివి నాకెన్ని జన్మలెత్తినా రాదు. అండీలు రద్దు కాలేదు, వాయిదా పడ్డాయంతే. ఫోనులో అనకుండా మిగిల్చిన అండీలన్నీ నెలాఖరుకు కాగితం మీద రాసి, పై అధికారికి ఒకేసారి దాఖలు చేసుకోవాలి. ప్రొఫార్మా-సి, 'బకాయి మర్యాదల పట్టిక'. పై నుంచి కిందికి మర్యాద ఎప్పుడూ లేదు కాబట్టి ఆ దిశలో బకాయి ఉండదని కింద సూక్ష్మాక్షరాల్లో వివరించారు.

నెలాఖరున పల్లయ్య పద్నాలుగు మైళ్ళు సైకిలు తొక్కుకుని వచ్చి పట్టిక ఇచ్చాడు. రూళ్ళ కాగితం మీద రెండు వైపులా అండి అండి అండి అండి అని గుండ్రటి అక్షరాలు. రిజిస్టరు లెక్కకు నూట పన్నెండు ఉండాలి.

"ఇంకేమైనా ఉండిపోయినియ్యేమోనండి, చూసుకోండి," అన్నాడు నాతో.

ఈ.ఈ. గారు పెన్సిలు పెట్టి ఒక్కొక్కటీ టిక్కు కొట్టుకుంటూ లెక్కపెట్టారు. "నూట పది. రెండు తగ్గాయి. తాఖీదు ఇవ్వండి," అన్నారు. పల్లయ్య అక్కడే నిలబడి, "పెద్ద తప్పయిపోయిందండి, చిత్తగించాలండి," అని నోటితో రెండూ చెల్లించేశాడు. అలా చెల్లదన్నారు. మళ్ళీ రాయించారు.

బయటికొచ్చి పల్లయ్య నా బల్ల దగ్గర ఆగాడు. "మట్టి సంగతండి," అన్నాడు. ఫైలు పైన ఉందన్నాను. నిజానికి ఆ ఫైలు మీద ఈ.ఈ. గారి ఫ్లాస్కు ఉంది. నేను చూశాను.

జులైలో పదకొండు వందల నిమిషాలతో సరిపోయింది. సర్కిలు ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. మెచ్చుకోలు మా ఈ.ఈ. గారికి కల్లులాంటిది, ఒకసారి ఎక్కితే దిగదు. ఆగస్టులో సంఘాన్ని మళ్ళీ పిలిచారు.

"మాటలు తగ్గిస్తేనే ఇంత మిగిలింది. అసలు మాటే లేకపోతే?"

మేం అర్థం కానట్టు చూశాం.

"మిస్డ్ కాల్! మోగితే ఛార్జీ లేదు, ఎత్తితేనే ఛార్జీ. మన పిల్లలకీ పాలవాళ్ళకీ ఉన్న జ్ఞానం ప్రభుత్వానికి లేకపోయింది!"

'మోగింపు సంకేత నియమావళి' పదకొండు పేజీలొచ్చింది. చిన్న పుస్తకంగా కుట్టించి అందరికీ పంచారు. ఒకసారి మోగించి ఆపితే నమస్కారం, పై నుంచి కిందికైతే 'స్వీకరించడమైనది, తగు చర్య తీసుకొనబడుచున్నది'. రెండుసార్లంటే నీటిమట్టం సరిగా ఉంది. మూడంటే తగ్గింది. నాలుగంటే తూము తలుపు పట్టేసింది. ఐదు సెలవు కావాలి. ఆరు, ఆఫీసుకు బయల్దేరుతున్నాను. ఏడంటే గండి, గట్టు తెగి కాలువ పొలాల మీద పడింది. ఎనిమిది మాత్రం పరంజ్యోతి గారు చేర్చమన్నారు, అధికారి గారికి పుట్టినరోజు శుభాకాంక్షలు. ఈ.ఈ. గారి పుట్టినరోజు సర్టిఫికెట్టులో జులై ఒకటి. ఆ రోజు పదిహేను ఫోన్ల మీద శుభాకాంక్షలకే ముప్పై నాలుగు నిమిషాలయ్యాయని లెక్క చూపించారు. అది పోనివ్వడం ఆయనకిష్టం లేదు, ఖర్చవడమూ ఇష్టం లేదు.

మోగిన ప్రతిసారీ రిజిస్టర్లో ఒక గీత పెట్టడం నా పని. బీయెస్సీ చదివి, డిపార్టుమెంటు పరీక్షలు మూడు పాసై, గీతలు పెట్టాను. ఆగస్టు మొత్తం మీద మాట్లాడింది తొమ్మిది నిమిషాలు. ఈ.ఈ. గారు కంపెనీ వాళ్ళను పిలిపించి, పదిహేను వందల నిమిషాలూ వెనక్కిచ్చేసి, వాళ్ళ దగ్గరున్న అన్నిటికన్నా చిన్న ప్లాను తీసుకున్నారు. నెలకు పదిహేను నిమిషాలు, ఫోనుకొకటి చొప్పున. అది వాడేశాక ఆ ఫోనుకు వచ్చేవే గాని పోయేవి ఉండవు, మొదలెట్టిన మాట దాటితే మాత్రం పాత రూపాయే. అంతకన్నా చిన్నది లేదా అని కూడా అడిగారు. ఆ కుర్రాడు లేదన్నాడు.

సెప్టెంబరు ఒకటో తారీఖున నా బల్ల మీది ఫోనుకున్న ఒక్క నిమిషమూ అయిపోయింది. మాకింకా ఎన్ని నిమిషాలు మిగిలాయని కంపెనీకి ఫోను చేసి అడగమన్నారు. అడిగాను. అయిపోయింది.

ఆ నెల రెండో వారంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున పదిన్నరకు నా బల్ల మీద ఫోను ఒకసారి మోగి ఆగింది. పల్లయ్య నంబరు. గీత పెట్టాను. రెండు నిమిషాలకు మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఆగింది, మోగింది, ఆగింది. ఏడు గీతలు పెట్టాను.

రిజిస్టరు పట్టుకుని ఈ.ఈ. గారి గదిలోకి వెళ్ళాను.

"ముందొకటి, తర్వాత ఏడు సర్. ఎందుకైనా మంచిది, ఒకటి విడిగా, ఏడు విడిగా అనుకోవాలేమోనండి."

"నియమావళిలో కూడికే ఉంది విశ్వపతీ, విడదీత లేదు. మొత్తం ఎంత?"

"ఎనిమిది సర్."

"ఎనిమిదంటే?" ఆయన పుస్తకం తిప్పి చూసి, గోడ మీది కేలండరు చూశారు. లేచి దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూశారు. "భాద్రపద శుద్ధ దశమి! విశ్వపతీ, తిథుల ప్రకారం నా పుట్టినరోజివాళే! సర్టిఫికెట్టుది దొంగ తారీఖు. మా ఆవిడకే గుర్తు లేదయ్యా! వాడికెలా తెలిసింది? పాతకాలం మనుషులు, పాతకాలం మనుషులే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్వయంగా తన ఫోను తీసి పల్లయ్యకు ఒకసారి మోగించి ఆపారు. స్వీకరించడమైనది, తగు చర్య తీసుకొనబడుచున్నది.

నేను నోరు మూసుకుని బయటికొచ్చాను. నాకు ఆ ఒకటీ ఏడూ మనసులో గుచ్చుకుంటూనే ఉన్నాయి. అయినా నోరు మూసుకున్నాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

పదకొండు కావస్తుండగా మళ్ళీ ఒకటి, కాసేపాగి ఏడు.

"మళ్ళీనా!" ఈ.ఈ. గారు పరవశించిపోయారు. "వాళ్ళావిడ తరఫున అయ్యుంటుంది." ఇంకోసారి మోగించి, లడ్డూలు తెమ్మని డ్రైవరుకు సొంత డబ్బులిచ్చారు.

పదకొండూ ఐదుకు ఫోను మోగి, ఆగలేదు. మోగుతూనే ఉంది. ఎత్తాను.

"పల్లయ్య. పద్నాలుగో మైలు. గండి. నాలుగు బారలు తెగింది. పై లాకు దింపించు. మనుషుల్నంపు. ఇసక బస్తాలు."

అండి లేదు. అండికని ఆగే జాగా కూడా లేదు.

"ఏడు మోగించాలి కదయ్యా!" అని అరిచాను. ఇలాంటప్పుడు కూడా నాకు నియమావళే గుర్తొచ్చింది.

"ఏడే. రెండు మాట్లు. ముందు నమస్కారమొకటి."

ముప్పై ఏళ్ళలో నమస్కారం పెట్టకుండా పల్లయ్య ఆఫీసుకు మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. గండి పడ్డా ముందు నమస్కారం పెట్టాడు. సమాధానం వచ్చింది కదా, ఆఫీసు స్వీకరించింది, మనుషులొచ్చేస్తారు, కంగారు పడకండని కాలనీ వాళ్ళకు ధైర్యం చెబుతూ అరగంట పైగా గట్టు మీద కూర్చున్నాడట. ఇది తర్వాత తెలిసింది.

"గంట కూడా ఆగదు. తొందరగా. ఇళ్ళల్లోకి..." నీళ్ళ హోరు, జనం కేకలు. ఎవరో ఆడమనిషి గొంతు ఏదో అడుగుతోంది. "ఉంటానండి," అన్నాడు పల్లయ్య. ఫోను ఆగిపోయింది.

తెర మీద చూశాను. ఒక నిమిషం ఒక సెకను.

"గండి సర్!" అంటూ లోపలికి పరిగెత్తాను.

ఈ.ఈ. గారు ముఖం చిట్లించారు. "రికార్డు ప్రకారం అవి శుభాకాంక్షలు. రెండుసార్లు స్వీకరించాం కూడా. ఇప్పుడు గండి అని నమోదు కావాలంటే ముందు నమోదులు రద్దు కావాలి. రద్దుకు సంఘం కూర్చోవాలి."

"ముందు లాకుకు ఫోను చెయ్యండి సర్! లాకు దింపితే కాలువలో నీరు ఆగుతుంది. నా ఫోనులో నిమిషం లేదు, మీ దాంట్లో ఉంది!"

"నా నిమిషం కలెక్టరు గారి కోసం అట్టిపెట్టాను."

ఆ మాట విన్నాక నేను ఆయన వైపు చూసిన చూపు నా సర్వీసు పుస్తకంలో ఎక్కలేదు గాని, ఎక్కాల్సిందే. ఇంతలో వెనక కుర్చీ చప్పుడైంది. పరంజ్యోతి గారు పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసి, చెప్పులు కూడా వేసుకోకుండా వానలో ఎదురుగా ఉన్న టీ కొట్టుకు పరిగెత్తారు. అక్కడ రూపాయి బిళ్ళ వేసే ఎర్ర ఫోనుండేది. లాకు దగ్గరి ఉద్యోగితో ఆవిడ మాట్లాడింది ఇరవై సెకన్లు. "తలుపులు దింపెయ్యి. నా మాట మీద దింపెయ్యి," అన్నారట. ఆ ఉద్యోగి దింపేశాడు. నేను స్కూటరేసుకుని సెక్షను గోడౌనుకు పోయి, తాళం పగలగొట్టించి, ఖాళీ బస్తాలు ట్రాక్టరుకెత్తించి పద్నాలుగో మైలుకు చేరేసరికి పన్నెండున్నర అయింది.

పల్లయ్య గండిలో ఉన్నాడు. రొమ్ము దాకా నీళ్ళు. గండికి అడ్డంగా తాటి దుంగ పడేసి, దానికి తడికలు ఆనించి, ఆ తడికలకు వీపు ఆనించి నిలబడ్డాడు. అటూ ఇటూ కాలనీ మగవాళ్ళు పదిమంది. ఆడవాళ్ళు గడ్డిమోపులూ మట్టీ అందిస్తున్నారు. రెండున్నరకు గండి పూడింది. అరవై ఎకరాల్లో ఇసక మేట వేసింది. మిగతా పదకొండు వందల నలభై దక్కాయి. నీరు కాలనీ అరుగుల దాకా వచ్చి ఆగింది. పల్లయ్యను పైకి లాగితే కుడి పాదం దుంగ కింద నలిగిపోయి ఉంది.

నెల తిరిగాక రెండు కాగితాలొచ్చాయి. మట్టి ఫైలు ఫ్లాస్కు కింది నుంచి తిరిగొచ్చింది. దాని మీద 'గండి పూడ్చబడినందున, ప్రతిపాదన అవసరము తీరినది' అని రాసి ఉంది. రెండోది సెప్టెంబరు బిల్లు. పదిహేను నిమిషాలు వాడకం, అధిక వినియోగం ఒక నిమిషం.

సంఘం కూర్చుంది. ఆ ఒక్క సెకనులో ఏముందని ప్రశ్న. రిజిస్టర్లో 'చివరి మాట' గడిలో నేనే నా చేత్తో రాశాను, ఉంటానండి అని. అబద్ధం రాయడానికి అప్పుడు తోచలేదు. నాకు నామీదే అసహ్యమేసింది.

"నిషిద్ధ ముగింపు మర్యాద. స్పష్టంగా ఉంది," అన్నారు ఈ.ఈ. గారు.

"ఉంటానంటే వీడ్కోలు కాదు సర్," అన్నారు పరంజ్యోతి గారు. "నేనిక్కడే ఉంటాను, కదలను అని. అది అధికారిక సమాచారం. ఉన్నాడు కూడా. పాదం చూడండి."

దీని మీద గంటన్నర చర్చ జరిగింది. చివరికి ఈ.ఈ. గారు పెద్దమనసుతో తీర్పు రాశారు. "ఉంటాను అన్నంత వరకు అధికారికము. అరవయ్యో సెకనులో ముగిసినది. 'అండి' అన్నది అరవై ఒకటవ సెకనులో జరిగిన వ్యక్తిగత మర్యాద. సదరు మర్యాద ఈ కార్యాలయ అధిపతిని ఉద్దేశించినది కనుక దానిని సంతోషముతో స్వీకరించడమైనది. అయినను, రూపాయి రాబట్టవలెను."

పల్లయ్య కర్ర ఊతగా వేసుకుంటూ వచ్చాడు. కుడి కాలికి మోకాలి దాకా కట్టు. నా బల్ల దగ్గర ఆగి, "అమ్మగారి మోకాలు ఎలాగుందండి?" అనడిగాడు. తలూపాను.

ఈ.ఈ. గారు తీర్పు చదివి వినిపించి, "సంతోషంతో స్వీకరించాం పల్లయ్యా. రూలు రూలే గాని, ఆ పరిస్థితిలో కూడా నాకు అండి అన్నావు చూశావా, అది నేను మర్చిపోను," అన్నారు.

పల్లయ్య పంచె మొలలోంచి రూపాయి తీసి బల్ల మీద పెట్టాడు.

"రూపాయి నేనే కట్టుకుంటానండి. న్యాయమేనండి. ఆ మాట తమరితో అన్నది కాదండి."

"మరెవరితో?"

"నేను గండిలోకి దిగబోతంటేనండి, గట్టు మీద కాలనీ బుల్లెమ్మ గారున్నారండి. పెద్దావిడండి. మనవరాల్ని చంకనేసుకుని, 'ఆఫీసోళ్ళెవరూ రాలేదు, నువ్వు కూడా ఎల్లిపోతావా పల్లయ్యా' అనడిగారండి. ఆవిడకి చెప్పానండి, ఉంటానండి అని. ఫోను చెవి కాడే ఉండిపోయిందండి. నా పొరపాటేనండి."

ఈ.ఈ. గారు తీర్పు కాగితాన్ని మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు. "సొంత సంభాషణ అని రాసుకోండి," అన్నారు నాతో, మెల్లగా.

నేను రిజిస్టరు తీసి 'ఎవరితో' అన్న గడిలో నా పేరు కొట్టేసి, బుల్లెమ్మ గారు అని రాశాను. ఈ.ఈ. గారు తొంగిచూసి, "గారు ఎందుకు, గడి చిన్నది," అన్నారు. నేను వినపడనట్టు ఊరుకున్నాను. విషయం అన్న గడిలో, మాట ఇచ్చుట అని రాశాను.

పల్లయ్య గుమ్మం దాకా వెళ్ళి కర్ర మీద ఆని వెనక్కి తిరిగాడు.

"ఉంటానండి మరి."

ఈ.ఈ. గారి చెయ్యి అలవాటుగా గడియారం మీదికి పోయింది. పరంజ్యోతి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముప్పై ఏళ్ళలో మా ఆఫీసులో లష్కరు కోసం ఎవరూ లేవలేదు.

"మంచిదండి, పల్లయ్య గారూ," అన్నారు ఆవిడ. "జాగ్రత్తగా వెళ్ళండి."

నేనూ లేచాను.